చివరి అంకె సున్నా

మా అక్క ఆస్పత్రిలో నర్సు. ఆవిడ బీపీ చూసే పద్ధతే వేరు. చేతికి పట్టీ బిగిస్తుంది, గాలి కొడుతుంది, పాదరసం దిగుతుంటే ఊపిరి బిగబట్టి చూస్తుంది. నూట నలభై ఎనిమిది కనబడితే నూట నలభై అని రాస్తుంది. నూట యాభై ఆరైతే నూట యాభై. "ఆ చిల్లర చెప్పి వాళ్ళని బెదరగొట్టడం దేనికే?" అనేది నాతో. పాతికేళ్ళ కింద పని నేర్పిన పెద్ద సిస్టర్ దగ్గర అబ్బిన అలవాటు. ఎదుటి మనిషి మొహం వాడిపోకూడదు, అంతే అక్క సిద్ధాంతం.

అక్కకి అందరి సంగతులూ కావాలి. ఏ ఇంట్లో ఎవరు అలిగారో, ఎందుకు అలిగారో పక్క వీధిలో ఉండే నాకు ఆవిడ చెప్తేనే తెలిసేది. అలాంటి మనిషికి రెండేళ్ళుగా ఒక్క సంగతి మాత్రం తెలియనివ్వలేదు. వాళ్ళ ఆస్పత్రిలో కొత్త బీపీ మాత్ర మీద పరీక్ష జరుగుతోంది. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి మందు లేని ఉత్త మాత్ర. రెండూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. ఎవరికి ఏది వెళ్తోందో డాక్టరుకీ తెలీదు, అక్కకీ తెలీదు. "చెప్తే వీళ్ళ సొమ్మేం పోయిందే!" అని సణుక్కునేది.

పోయిన నెల ఆ పరీక్ష తనిఖీవాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఈ ఆస్పత్రి పంపిన ఆరువందల పన్నెండు కొలతల్లోనూ చివరి అంకె సున్నాయేనట. గురువారం తమ ఆఫీసుకి వచ్చి, అక్కడ లెక్కలు చూసే ఆయనకి కారణం చెప్పుకోవాలట.

అక్క రెండు రోజులు అన్నం ముట్టలేదు. నాకు ఒళ్ళు మండింది. "ఉద్యోగం పోతే పోయింది, తిని ఏడువు" అన్నాను.

"ఉద్యోగం గురించి కాదే. నూట రెండు మంది పనులు మానుకుని వచ్చి నాకు చెయ్యి చాపారు. నా మూలాన పనికిరాని మాత్ర పనిచేస్తుందని తేలితే? రేపు దాన్ని నమ్ముకుని మింగేవాళ్ళ గతేంటి?"

గురువారం తోడు వెళ్ళాను.

లెక్కలాయన నాకన్నా చిన్నవాడు. కుర్చీల మీది ఫైళ్ళు నేల మీదకి దించి మమ్మల్ని కూర్చోబెట్టాడు. అక్క ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది.

"ఎప్పుడైనా పెంచి రాశారా?"

"లేదు బాబూ. కిందికే."

"కొందరికి తగ్గించి, కొందరికి ఉన్నదున్నట్టు రాశారా?"

"అందరికీ ఒకటే పద్ధతి."

"ఎవరికి ఏ మాత్రో మీకు తెలుసా?"

"అదొక్కటే తెలీదు."

నేను ఆగలేకపోయాను. "ఊరందరి కొంపల గుట్టూ తెలుసండీ, ఇది తప్ప!"

ఆయన పకపకా నవ్వాడు. "అదే మిమ్మల్ని కాపాడిందమ్మా. తక్కెడలో రెండు పళ్ళాల్లోనూ ఒకే రాయి వేశారు, ముల్లు ఎటూ ఒరగదు. మాకు కావలసింది రెండు గుంపుల మధ్య తేడా. మేం భయపడే పొరపాట్లు రెండు. పనికిరాని మాత్రని పనిచేస్తుందనడం మొదటి రకం. పనిచేసే మాత్రని పనికిరాదని పక్కన పడెయ్యడం రెండో రకం. మీ సున్నాలు మొదటిదాని జోలికి పోవు."

"మరి రెండోది?" అక్క వదల్లేదు.

"దానికి కొంచెం సందిచ్చారు. ఒకరికి ఎనిమిది తగ్గించి, ఇంకొకరికి రెండే తగ్గిస్తే కొలతలు మసకబారతాయి. మసకలో చిన్న తేడా కనబడకపోవచ్చు. కానీ మనిషికీ మనిషికీ బీపీలో ఉండే తేడా ముందు ఇదెంత? పైగా అన్ని ఆస్పత్రుల్లో కలిపి రెండువేల మంది ఉన్నారు. కొంపలేం మునగలేదు. జరిగింది రికార్డులో రాసుకుంటాం. రేపట్నుంచి కనబడింది కనబడినట్టు రాయండి."

అక్క ఆ కుర్చీలోనే ఏడ్చేసింది. నాకూ గుండెల మీంచి బండ దింపినట్టయింది. మెట్లు దిగుతూనే "ఆకలేస్తోందే" అంది. ఎదురుగా కనబడ్డ హోటల్లో రెండు రోజుల బాకీ తీర్చేసుకుంది, నా ప్లేటులోది కూడా లాక్కుని.

మర్నాడు అక్క టిఫిన్ డబ్బా మా ఇంట్లో మర్చిపోయి వెళ్తే ఇవ్వడానికి ఆస్పత్రికి వెళ్ళాను. అప్పటికి ఒక రిటైరైన బస్సు డ్రైవరుకి బీపీ చూస్తోంది. పాదరసం దిగింది. అక్క పెన్ను కదల్లేదు.

"నూట నలభై ఎనిమిది" అంది చివరికి.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఎప్పుడూ నూట నలభయ్యేగా సిస్టర్! పెరిగిందా?"

"పెరగలేదండీ. మీరు భయపడతారని ఇన్నాళ్ళూ నేనే తగ్గించి రాశాను."

ఇక గొడవే అనుకున్నాను. ఆయన చొక్కా చెయ్యి నెమ్మదిగా కిందికి లాక్కున్నాడు.

"నలభై ఏళ్ళు బస్సు నడిపానమ్మా, ఏ రోడ్డు చూసీ భయపడలేదు. రాయండి. ఆ ఎనిమిదీ నాదేగా."