కిందున్నది దాచే సార్

నిజామాబాద్‌లో మాకు కంప్యూటర్ నేర్పిన సార్, "సేవ్ చేయాలా, వద్దా" అని అడిగే చిన్న డైలాగ్ బాక్సును కూడా ప్రోగ్రాం రాసి గీత గీతగా గీయించేవారు. గీసే ముందు చూపుడువేలు ఎత్తి రోజూ ఒకటే మాట:

"బాక్సు కిందున్న బొమ్మను ముందుగాల దాసిపెట్టు. లేకుంటే బాక్సు మూసినంక ఆడ నల్లగ బొక్క మిగుల్తది."

తర్వాత కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. మౌస్‌తో లాగితే చాలు, బాక్సు తయారు. నేనొకటి చేసి చూపించాను. సార్ దాన్ని మూశారు. కిందున్నది చెక్కుచెదరలేదు.

"గిది ఎవలు దాసిండ్రు?"

"అదే దాసుకుంటది సార్."

ఆయన మళ్లీ తెరిచారు, మళ్లీ మూశారు. ఆ నెలాఖరుకే ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆయన్ని తీసేశారు.

వానలు మొదలయ్యాక, పలకరించి వద్దామని బోధన్‌లో వాళ్లింటికి వెళ్లాను. సార్ భార్య తలుపు తీసి ఆశ్చర్యపోయింది.

"గదేంది బిడ్డా, క్లాసుకు పోలేదా? సార్ పొద్దుగాల్నే టిఫిన్ డబ్బా పట్టుకొని నిజామాబాద్ బస్సెక్కిండు గద, రోజు లెక్కనే."

విప్పిన చెప్పులు మళ్లీ తొడుక్కున్నాను.

"ఇయ్యాల క్లాసు ఎగ్గొట్టిన అమ్మా. నేనొచ్చినట్టు సార్‌కు చెప్పకుండ్రి."