మూడో పిలుపు

పోయిన వారం మా తమ్ముడి పొలం దారి కేసు వాయిదాకు, మార్కాపురంలో మా వంటింట్లోనే కూర్చుని, పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా, ఫోన్‌లో హాజరయ్యాం. తెర మీద గళ్లు, గళ్ల కింద పేర్లు. ఒక గడి నల్లగా ఉండిపోతే జడ్జిగారు కాసేపు చూసి తర్వాతి కేసుకు వెళ్లిపోయారు. సౌకర్యం కాదని నేననను, బస్సు తప్పింది, ఎండ తప్పింది; కానీ కోర్టంటే గుమ్మంలో బంట్రోతు వేసే మూడు కేకలని ఎరిగిన మన వయసు వాళ్లకు ఆ నిశ్శబ్దం ఎట్లా ఉంటుందో వేరే చెప్పాలా?

నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా నాయన పోయాడు. కొమరోలు దగ్గర బోరున్న మా రెండెకరాల కోసం చిన్నాయన మీద ఆయన వేసిన దావా అప్పటికే గిద్దలూరు కోర్టులో నడుస్తోంది. నేను హాస్టల్లో, తమ్ముడు బడిలో; ఊరికే వాయిదాలు పడుతున్న ఆ రోజుల్లో అమ్మే వెళ్లి వచ్చేది. సెలవులకు వచ్చిన నాతో మా లాయరుగారు, ఈసారి మీ నాయన బోనెక్కి సాక్ష్యం చెప్పాలి, తప్పకుండా తీసుకురమ్మన్నారు. నాయన పోయి అయిదు నెలలైందంటే ఆయన చేతిలోని కాగితాలు పక్కన పెట్టి నా వైపు తిరిగారు.

"మరి ప్రతి వాయిదాకూ ఉండాడు సామీ అంటా మీ అమ్మ పలికిందేందమ్మా?"

పలికింది నిజమే. పోయిన మనిషిని ఏడాది తీరకుండానే గుమ్మంలో నిలబడి పేరు పెట్టి మూడుసార్లు పిలిస్తే వస్తాడనీ, వచ్చినవాడు ఇక తిరిగి పోలేడనీ అమ్మ నమ్మకం. అందుకని రెండో పిలుపు కాగానే తనే పలికి మూడోది ఆపేసేది. మూడు నెలల్లోగా చావు సంగతి చెప్పి వారసుల పేర్లు ఎక్కించుకోకపోతే దావాయే పోతుందని ఆమెకేం తెలుసు? చిన్నాయనకు తెలుసు. అన్న పాడె మోసినవాడే, ప్రతి వాయిదాకూ వచ్చి నోరు మూసుకుని కూర్చుని, గడువు దాటించాడు.

ఇంటికొచ్చి అమ్మతో కొట్లాడాను. పిలిస్తే వచ్చేటట్లయితే ప్లీడర్లెందుకు, బంట్రోతొక్కడే చాలునన్నాను.

"నీ నోరు పడిపోను! పోయినోణ్ని పోనీవా ఏంది?" అని ఏడ్చింది.

ఆలస్యాన్ని మన్నించమనే పిటిషన్‌తో తర్వాతి వాయిదాకు వెళ్లాం. అమ్మ పలక్కుండా ఆమె చేయి గట్టిగా పట్టుకున్నాను. మిట్టమధ్యాహ్నం, గాలి లేదు. కాగితాల్లో ఇంకా నాయన పేరే ఉంది కాబట్టి బంట్రోతు ఆ పేరే పిలిచాడు. ఒక పిలుపు. రెండు. మూడు. నా చేతిలోనే అమ్మ చేయి చల్లబడింది. బెంచీ చివర కూర్చున్న చిన్నాయన గుమ్మం వైపు చూసి కాళ్లు దగ్గరకు తీసుకున్నాడు. భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని, పెద్దవాళ్ల ఎదుట లేచినట్టు మెల్లగా లేచి నిలబడ్డాడు. గుమ్మంలో బంట్రోతు తప్ప నాకెవరూ కనపడలేదు.

అభ్యంతరం చెప్పడానికి అవతలి లాయరు లేస్తే, చిన్నాయన ఆయన నల్లకోటు పట్టి వెనక్కు లాగాడు.

"వొద్దు సామీ. ఆయన కొట్లాట ఆయన్ను కొట్లాడనీయండి."

పిటిషన్ ఒప్పుకున్నారు. దావా బతికింది.

బస్టాండులో చిన్నాయనను నిలదీశాను, ఏం చూశావో చెప్పమని.

"చూసేదేందమ్మా, నడిచొచ్చే మనిషికి తోవ ఇయ్యద్దా?" అన్నాడు నా మొహం చూడకుండా.

మేమిద్దరమే బస్సెక్కాం. అమ్మ కండక్టరును మూడు టికెట్లు అడిగింది. ఊరందరితో వాదించే నేనే మూడింటికీ డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాను.

ఆ చేను ఇప్పుడు తమ్ముడే చేస్తున్నాడు. చిన్నాయన పోయాడు, అమ్మా పోయింది. ఆరోజు కోర్టుకు ఎవరూ రాలేదనే ఇన్నేళ్లుగా అందరితో వాదిస్తూ వచ్చాను, ఇకముందూ వాదిస్తాను. అయినా తెర మీద పేర్లు చప్పుడు లేకుండా వచ్చి పోతుంటే, కేక వేసే బంట్రోతు ఇంకా ఉంటే బాగుండేదనిపిస్తుంది. గుమ్మంలో నిలబడి అమ్మ పేరు మూడుసార్లు పిలవమని అడిగేదాన్ని.