రెండు సీట్లు, ఒక శుక్రవారం

మా అమ్మాయి లహరికి రెండు యూనివర్సిటీల్లో సీటు వచ్చిందని తెలిసిన రోజు మా ఇంట్లో సంతోషం ఒక పూటే నిలిచింది. రాత్రి అన్నాల దగ్గర కూర్చునేసరికి, ఈ రెండింట్లో ఏది అన్న ప్రశ్న కూడా మాతోపాటు కంచం వేసుకుని కూర్చుంది. ఒకటి అబుదాబిలో, ఒకటి షార్జాలో. రెండూ ప్రీమెడ్ సీట్లే. అంటే డాక్టరు చదువు మొదలుపెట్టే ముందు ఒక ఏడాది పాటు కెమిస్ట్రీ, బయాలజీ గట్టిగా నూరించి, నిలబడినవాళ్ళను పైకి పంపుతారు. ఆదివారం సాయంత్రంలోగా ఏదో ఒకదానికి సరే అనాలి.

మేముండేది ఎమిరేట్స్‌లోనే, అబుదాబికి బాగా పడమరనున్న రువైస్‌లో. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చి ఇక్కడి ఆయిల్ ప్లాంటులో ఆపరేటరుగా కుదురుకున్నాను. లహరి పుట్టింది అక్కడ, పెరిగింది ఇక్కడి కంపెనీ క్వార్టర్లలో. నా మనసు అబుదాబి మీద ఉంది. బస్సెక్కితే నాలుగు గంటల లోపు ప్రయాణం, వారం వారం ఇంటికి రావచ్చు. షార్జా అంటే ఆ పైన ఇంకో బస్సు, ఇంకో రెండు మూడు గంటలు. ఈ సంగతి నేను పైకి అనలేదు. అనకపోయినా మా ఇంట్లో గోడలకు కూడా తెలుసు. లహరిని అడిగితే మాత్రం "నీ ఇష్టం బాపు" అనేది. చెప్పుల రంగు దగ్గర్నుంచి అన్నింటికీ దానిది అదే జవాబు. అన్నేళ్ళు చదవాల్సింది అది అయినప్పుడు ఇష్టం నాది ఎట్లా అవుతుంది? దాని మాట దాని నోటి నుంచి వినాలని నా పట్టుదల. ఆ మాట అబుదాబి అయితే ఇంకా మంచిది.

"రెండు కండ్లతోటి చూస్తే నీకే తెలుస్తది, పోదాం పా" అని, షిఫ్టు అయిపోయి నాలుగు రోజుల ఆఫ్ రాగానే బయలుదేరదీశాను. మా ఆవిడ లలిత కాలనీ బడిలో చిన్నపిల్లలకు టీచరు. మే నెలాఖరు, బడి నడుస్తున్న రోజులు, సెలవు దొరకలేదు. సర్వపిండి చేసి డబ్బాలో పెట్టి, "ఆడికి పోయి అందరిని అన్ని అడగకు, పిల్ల సిగ్గుపడ్తది" అని జాగ్రత్తలు నాకు చెప్పింది.

గురువారం తెల్లవారుతుండగా అబుదాబి బస్సు ఎక్కాం. ఈ దారిలో వెళ్ళేవాళ్ళకు ఒక మాట: ఎడమవైపు కిటికీ పట్టుకోండి. అక్కడక్కడా సముద్రం కనిపిస్తుంది. కుడివైపు కూర్చుంటే ఇసుక, కరెంటు స్తంభాలు, మళ్ళీ ఇసుక. బస్సులో చలి మామూలుగా ఉండదు, బయట ఎంత ఎండ ఉన్నా ఒక శాలువా పెట్టుకోవాలి.

మా పక్క వరుసలో ఒక పెషావర్ పెద్దమనిషి. పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ పని చేస్తాడట, సెలవు మీద ఊరికి పోతున్నాడు. ఎక్కడికని అడిగితే నేను ఊరుకుంటానా, సీటు సంగతంతా చెప్పేశాను. వెంటనే ఆయన పైజామా మోకాలి పైదాకా లాగి, మెట్లెక్కితే నొప్పంటూ కాలు ముందుకు చాపాడు.

"బేటీ, ఏ ఘుట్నా దేఖో జరా. సీఢీ చఢ్‌నే మే దర్ద్ హోతా హై."

"అంకుల్, ముఝే అభీ కుఛ్ నహీ ఆతా" అంది లహరి, తనకింకా ఏమీ రాదని, ముఖం ఎర్రబడి.

"కోయీ బాత్ నహీ. దేఖ్ తో లో."

లహరి వంగి చూసింది. రెండు వేళ్ళతో అటూ ఇటూ నొక్కి, ఏమీ తేల్చకుండా, ఊరికి పోయాక డాక్టరుకు చూపించమని చెప్పింది. ఆయనకు అదే చాలు. దిగేటప్పుడు నొప్పి కొంచెం తగ్గిందని కూడా అన్నాడు. మా పిల్ల మొదటి పేషెంటు ఆయనే.

తొమ్మిది దాటాక అబుదాబి బస్టాండులో దిగి, పక్క సందులో దోసెలు తిని, చాయ్ తాగి, టాక్సీలో యూనివర్సిటీకి వెళ్ళాం. అక్కడ ఒక మేడమ్ మా కోసం ఎదురుచూస్తోంది. జ్యూసు ఇచ్చింది, పెన్నూ సంచీ ఇచ్చింది, లిఫ్టుల్లో పైకీ కిందికీ తిప్పి చూపించింది. అద్దంలా తుడిచిన వరండాలు. ఒక గదిలో మంచం మీద బొమ్మ మనిషి పడుకుని ఉన్నాడు. ఊపిరి తీస్తాడు, రెప్పలు ఆర్పుతాడు, చెయ్యి పట్టుకుంటే నాడి కూడా కొట్టుకుంటుంది. మేడమ్ రోగాల సంగతి చెబుతుంటే నాకు నా పని గుర్తొచ్చింది.

"మేడమ్, ఈయన ఊపిరికి గాలి ఏ కంప్రెసర్ నుంచి వస్తుంది? అది ఆగితే స్టాండ్‌బై ఉందా?" అని అడిగాను.

ఆమెకు తెలియక ఎవరికో ఫోన్ చేసింది. లహరి నా చొక్కా వెనక నుంచి లాగింది. స్టాండ్‌బై ఉందట, నాకు తృప్తిగా అనిపించింది. ఫీజుల గది, లైబ్రరీ, హాస్టల్ అన్నీ చూశాం. వంక పెట్టడానికి ఏమీ లేదు. బయటికి వస్తూ అడిగాను.

"నచ్చిందా బిడ్డా?"

"మంచిగుంది బాపు."

"మంచిగున్నదని నాక్కూడ కనవడ్డది. నీకు నచ్చిందా అంటున్న."

"షార్జా గూడ చూసినంక నీ ఇష్టం."

మూడు గంటల బస్సుకు షార్జా బయలుదేరాం. అబుదాబి బస్టాండు నుంచి నేరుగా షార్జా జుబైల్ బస్టాండుకు బస్సు ఉంది, దుబాయ్‌లో దిగి మారే పని లేదు. మేము వెళ్ళినప్పుడు మనిషికి ముప్ఫై అయిదు దిర్హాములు తీసుకున్నారు. దుబాయ్ దాటాక ట్రాఫిక్‌లో బస్సు నడిచిందనే కంటే జరిగిందనడం సరి. షార్జాలో రోలా అనే చోట చిన్న హోటల్లో గది తీసుకున్నాం. వెళ్ళేవాళ్ళందరి ఎమిరేట్స్ ఐడీ కార్డులు దగ్గర ఉంచుకోండి, అవి లేకుండా గది ఇవ్వరు. కింద ఆంధ్రా మెస్‌లో గోంగూర పప్పు దొరికింది. లహరి రెండుసార్లు వడ్డించుకుంది, యూనివర్సిటీ గురించి మాత్రం ఒక్క మాట ఎత్తలేదు.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికే లహరిని టాక్సీ ఎక్కించాను. నా లెక్క ఇది: దేశంలో వారాంతపు సెలవు శని, ఆదివారాలకు మారాక శుక్రవారం సగం రోజు పని ఉంటుంది. మధ్యాహ్నం నమాజు లోపు అన్నీ చూసుకుని వచ్చేయవచ్చు. లహరి జుట్టు గట్టిగా దువ్వుకుని, సర్టిఫికెట్ల ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. యూనివర్సిటీ పేరు చెప్పగానే డ్రైవరు అద్దంలో నన్నొకసారి చూసి మీటరు నొక్కాడు. విశాలమైన రోడ్లు, గుమ్మటాల భవనాలు, రెండు పక్కలా ఖర్జూర చెట్లు. మనుషులు మాత్రం లేరు. గేటు దగ్గర ఆపాక అన్నాడు.

"భాయ్ సాబ్, ఆజ్ తో ఛుట్టీ హై. షార్జా మే జుమ్మా పూరా బంద్."

దేశమంతటికీ రెండు రోజుల సెలవు, షార్జాకు మాత్రం మూడు. ఇక్కడ శుక్రవారం పూర్తి సెలవు. ఈ ముక్క తెలియనివాడు ఎమిరేట్స్‌లో ఉండడు, షిఫ్టులో బతికేవాడు తప్ప. మాకు ప్లాంటులో వారాలుండవు, డ్యూటీ ఉంటుంది, ఆఫ్ ఉంటుంది. ఏ రోజు మొదలైతే అదే మా సోమవారం. చదివేవాళ్ళకు చెప్పేదేమంటే, షార్జాలో ఆఫీసు పని ఉంటే గురువారంలోపే చూసుకోండి.

గేటు దగ్గరి నేపాలీ గార్డు "మండే ఆనా సర్" అన్నాడు. సోమవారానికి మా గడువు దాటిపోతుంది. పైగా ఆ రోజు నేను మళ్ళీ డ్యూటీ ఎక్కాలి. ఇంతదూరం పిల్లను లాక్కొచ్చి మూసిన గేటు చూపించానని నా మీద నాకే కోపం వచ్చింది. పక్కకు తిరిగేసరికి లహరి ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఏందే?"

"ఏం లేదు బాపు. నువ్వు గూడ తప్పు చేస్తవని నాకు తెల్వదు."

రోడ్డుకు అవతల ఒక చిన్న కెఫెటేరియా తెరిచి ఉంది. ఎండ అప్పటికే మాడ్చేస్తోంది, చాయ్ తాగి ఆలోచిద్దామని లోపలికి వెళ్ళాం. ఒక టేబుల్ చుట్టూ ముగ్గురు అమ్మాయిలు కూర్చుని ఉన్నారు. చాయ్ కప్పుల మధ్య పరాటాలు, పరాటాల మధ్య ప్లాస్టిక్ ఎముకలు. ఆ యూనివర్సిటీ డాక్టరు చదువు పిల్లలే కాబోలు, పరీక్షలు దగ్గర పడ్డట్టున్నాయి, ఒకరు ఎముక పైకెత్తితే మిగతా ఇద్దరు పేర్లు అరుస్తున్నారు. నేను వాళ్ళ దగ్గరికి పోదామని కుర్చీ జరిపాను.

"నువ్వు కూసో బాపు. నేను పోతా" అంది లహరి.

ఇది మా ఇంట్లో జరిగే పని కాదు. కొత్తవాళ్ళతో మాట్లాడాల్సి వస్తే లహరి నా వెనక నిలబడుతుంది. నేను కదలకుండా కూర్చుని రెండు చాయ్‌లు చెప్పాను.

వాళ్ళు దాన్ని పలకరించే ముందే చేతిలో తొడ ఎముక పెట్టి, కుడిదా ఎడమదా చెప్పమన్నారు. లహరి తిప్పి తిప్పి చూసి ఎడమ అంది. ముగ్గురూ నవ్వారు, అది కూడా నవ్వింది. మళ్ళీ ఇంకోటి ఇచ్చారు. ఈసారి ఎముక తలకాయ ఎటు తిరిగి ఉందో చూసి చెప్పింది, సరిపోయింది. కుర్చీ లాగి కూర్చోబెట్టుకున్నారు. ఒకమ్మాయి సూడాన్ నుంచి, పేరు హనాన్. ఇంకొకతె సిరియా పిల్ల. మూడో అమ్మాయి అఫ్రీన్, అజ్మాన్‌లో పెరిగింది, సొంతూరు బోధన్. మేమెవరమో తెలియగానే నావైపు తిరిగి, "అస్సలామలేకుం అంకుల్, మీరు జగిత్యాలనా? మా చిన్నమ్మోళ్ళు ఆడనే ఉంటరు" అంది. షార్జాలో జుమ్మా నాడు ఆ తెలుగు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ పిల్లలు జ్యూసు ఇవ్వలేదు గానీ ఉన్నదున్నట్టు చెప్పారు. ప్రీమెడ్ మొదటి సెమిస్టరులో తాను ఏడవని రోజు లేదని హనాన్ చెప్పింది. కెమిస్ట్రీలో ఫెయిలైతే మిగతా ఇద్దరూ రాత్రిళ్ళు కూర్చోబెట్టి గట్టెక్కించారట. మెస్‌లో కూర బాగుండదట, బిర్యానీ మాత్రం ఫర్వాలేదట. లహరి అన్నీ విని, చేతిలో ఎముక కింద పెట్టకుండా, గొంతు తగ్గించి అఫ్రీన్‌ను తెలుగులో అడిగింది. అయినా నాకు వినబడింది.

"అక్కా, ఏడాది చదివినంక నాకు ఇది వద్దనిపిస్తే? ఇంట్ల అందరు డాక్టర్ అనుకుంటున్నరు. అప్పుడెట్ల?"

"మా రూమ్మేట్ గట్లనే అన్నది" అంది అఫ్రీన్. "ఫార్మసీకి మారింది. ఖలాస్, ఏం కాలె. ఇప్పటికీ గదే రూమ్ల ఉంటది, నా షాంపూనే వాడ్తది."

ఇన్నాళ్ళూ నీ ఇష్టం అన్నప్పుడల్లా దాని కడుపులో ఈ భయం ఉందని నాకు తట్టనే లేదు. తప్పు నాదే అనిపించింది. మరుక్షణమే సంతోషం కూడా వేసింది. నన్ను అడగలేకపోయినా, అడగాల్సిన ప్రశ్న అడిగేసింది. జ్యూసు ఇచ్చిన చోట ఈ ప్రశ్న దాని నోరు దాటలేదు, నేను పక్కనే ఉండి కంప్రెసర్ల గురించి మాట్లాడుతుంటే ఎట్లా దాటుతుంది?

తర్వాత వాళ్ళు లహరిని తమ అతిథిగా హాస్టల్ చూపించడానికి తీసుకెళ్ళారు. గార్డు దాని ఐడీ తీసుకుని పేరు రాసుకున్నాడు. నేనూ లేచాను.

"గర్ల్స్ హాస్టల్ సర్" అన్నాడు గార్డు, మర్యాదగానే.

కాబట్టి ఆ హాస్టల్ ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పలేను. ఇంతదూరం పరిశీలన చేయడానికి వచ్చినవాణ్ణి, గార్డు గదిలో ఏసీ కింద కూర్చుని, ఖాట్మండులో వానల సంగతి విన్నాను. నమాజుకు జనం వెళ్ళారు, వచ్చారు. ఎప్పటికో లహరి వచ్చింది. జుట్టు పొద్దున దువ్వుకున్నట్టు లేదు, సన్నసన్న జడలు వేసి ఉంది. సూడాన్ పిల్ల పనట. నోట్లో ఇంకా ఏదో నములుతోంది.

"నీళ్ళు మంచిగొస్తున్నయా? తలుపులకు గొళ్ళేలున్నయా?" అని అడిగాను.

"నేను చూడలె బాపు" అంది తేలిగ్గా. అంత సేపు లోపలుండి గొళ్ళెం చూడకుండా వచ్చిన పిల్లను ఏమనాలి?

బస్టాండు దాకా టాక్సీలో నేను ఖర్జూర చెట్లు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఏ ఊరని అడిగితే మళ్ళీ నీ ఇష్టం అంటుందని భయం. అనకపోతే షార్జా అంటుందని ఇంకో భయం. మూడున్నర బస్సు దొరికింది. ముందు వరుసలు ఆడవాళ్ళకు, లహరి కిటికీ పక్కన కూర్చుంది, దాని వెనక వరుసలో నేను. బస్సు కదిలే ముందు ఒకావిడ సంచులతో ఆయాసపడుతూ ఎక్కి దాని పక్కన కూలబడింది. షార్జాలో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేస్తుందట, రాజోలు వైపు మనిషి. సెలవు దొరికి అబుదాబిలో ఉన్న చెల్లెల్ని చూడబోతోంది. లహరి ఫోన్లో తెలుగు పాట వింటుంటే పట్టేసింది.

"మనోళ్ళేనా అమ్మా? ఏం చదూతున్నావు?"

"డాక్టర్ చదువుకు ప్రీమెడ్ ఆంటీ. ఒక ఏడాది చదివి చూస్త."

"ఎక్కడమ్మా?"

నేను సీటు అంచుకు జరిగాను.

"షార్జాల" అంది లహరి. "ఆగస్టు నుంచి."

ఎంత మామూలుగా అందో. రెండు రోజులుగా నేను చెవులు రిక్కించి ఎదురుచూసిన మాట, ఊరూ పేరూ తెలియని మనిషికి చెప్పేసింది. అది నేను కోరిన ఊరు కాదు. కానీ దాని గొంతులో బెరుకు లేదు, నా వైపు చూడటం లేదు, ఎవరి ఒప్పుదలా అడగడం లేదు. నా బిడ్డ తన మాట తాను చెప్పింది. సంతోషంతో పక్కనున్న బంగ్లాదేశీ కుర్రాడి చెయ్యి పట్టుకుని ఊపాను, అతనికి ఏమీ అర్థం కాలేదు.

"మీ ఇల్లు రువైస్ అంటున్నావు, బాగా దూరం గదమ్మా" అంది ఆవిడ, మా ఇల్లెక్కడో కూడా కనుక్కుని.

"అవును ఆంటీ. మా బాపుకు కొంచెం కష్టమైతది. నిమ్మళంగ అలవాటైతది."

లహరి బొటనవేలితో వెనక్కి చూపిస్తే ఆవిడ సీటు మీదుగా తిరిగి నన్ను చూసింది. "ఏవండీ, అమ్మాయి చెప్పింది నిజవేనా? అలవాటైపోద్దంటారా?"

"అయితదమ్మా" అన్నాను. "ఇప్పుడే మొదలువెట్టిన."

లహరి వెనక్కి తిరగలేదు. నవ్వు ఆపుకోలేక దాని భుజాలు కదలడం మాత్రం సీటు పైనుంచి కనిపించింది.