వాము ఆకునీ నమ్మని మామ్మగారు

పక్కింటి మామ్మగారు పోయారని పొద్దున్న కొవ్వూరు నుంచి మా అత్తగారు ఫోన్ చేశారు. ఒకప్పుడు ఆవిడ పేరెత్తితేనే మొహం ముడుచుకునే మనిషి, ఆ ఒక్క మాట చెబుతూనే ఏడ్చేశారు. మా అమ్మాయి ఇవాళ నా కళ్ళముందు తిరుగుతోందంటే మామ్మగారి అనుమానం పుణ్యమే.

తొంభైల చివర్లో నేను కాపురానికి వెళ్ళేసరికే ఆవిడ ఒంటరి. పెరట్లో తులసి, వాము ఆకు, తిప్పతీగ, నేలవేము పెంచేవారు. ఎవరడిగినా కాదనరు, కానీ పెరటి తలుపు తీయరు. ఆకు ఇవ్వరు. దంచి, పిండి, రసమే గోడ మీదుగా అందిస్తారు. అంత దాపరికం ఎందుకని వీధిలో అందరికీ అనుమానమే.

"ఏం కలుపుతుందో ఎవరికి తెలుసు? పిల్లకి పట్టకు," అనేవారు అత్తగారు.

అమ్మాయికి మూడేళ్ళప్పుడు దగ్గు పట్టుకుంది. మామ్మగారు గ్లాసు అందిస్తే నేను చెయ్యి చాపలేదు.

"ఇందులో ఏం వేశారండి?"

కోపం వస్తుందనుకున్నాను. ఆవిడ తలుపు తీసి లోపలికి పిలిచారు. వాము ఆకు తుంచి నాకు వాసన చూపించారు. ఆ రసం ముందు తనే ఒక గుక్క తాగారు.

"మంచి పని చేశావమ్మా. పిల్ల నోట్లో పోసేది ఎవరిచ్చినా అడగాలి. నేనిచ్చినా సరే."

తర్వాత మెల్లగా చెప్పారు. చిన్నప్పుడు గోదావరి లంకలో పుట్టింట్లో ఉండగా, తమ్ముడికి జ్వరమొస్తే ఎవరో ఆకు తెచ్చిచ్చారట. మంచిదే అనుకుని రసం తీసి తాగించారట. అది వేరే ఆకు. తమ్ముడు దక్కలేదు.

"పక్కపక్కనే మొలుస్తాయి, ఒకేలా ఉంటాయి. అందుకే ఎవర్నీ కోసుకోనివ్వను."

ఆ వానాకాలం దగ్గు మళ్ళీ వచ్చింది. ఈసారి నేనే రసం అడిగాను. మామ్మగారు ఇవ్వలేదు. మా ఇంట్లోకి వచ్చి పిల్ల డొక్కలు ఎగరడం చూశారు.

"ఇది ఆకుకి తగ్గే దగ్గులా లేదు. నాకు అనుమానంగా ఉంది. ఆటో పిలువు."

"వర్షం తగ్గాక వెళ్దాంలెండి," అన్నారు అత్తగారు.

"అప్పటిదాకా జబ్బు ఆగుతుందని ఎవరు చెప్పారండి?" అంటూ మామ్మగారే ముందు ఆటో ఎక్కి కూర్చున్నారు. వంతెన దాటి రాజమండ్రి చేరాం. న్యుమోనియా అన్నారు డాక్టరు గారు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు.

మర్నాడు మధ్యాహ్నానికి జ్వరం దిగింది. ఇక భయం లేదంది నర్సు. అత్తగారు కళ్ళు తుడుచుకుని మామ్మగారికి కాఫీ తెచ్చిచ్చారు. ఆవిడ అందుకోలేదు. పిల్ల గుండెల మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, ఒక్కో ఊపిరీ తనే సరిచూసుకుంటూ కూర్చున్నారు. స్టూలు మీద కాఫీ మీగడ కట్టింది.