మొగులమ్మను దాటించినవాళ్ళు

ఇవాళ పొద్దున్నుంచీ మాదాపూర్‌లో ముసురు. మా ఆఫీసు అద్దాల మీద నీళ్ళు మెల్లగా జారుతున్నాయి. పక్క సీట్లో, ఆటకు శబ్దాలు కూర్చే వినయ్ తెడ్డు చప్పుడు వినిపిస్తున్నాడు. తెడ్డు నీళ్ళలో మునుగుతుంది, లేస్తుంది, నాలుగు చుక్కలు రాలతాయి, మళ్ళీ మునుగుతుంది. ఎదురుగా టవర్లన్నీ వానలో కరిగిపోయి, వాటి దీపాలు మాత్రం ఎక్కడో అవతలి ఒడ్డున వెలుగుతున్నట్టున్నాయి. అలా చూస్తూ చూస్తూ మనసులోనే సత్యవతి గారి దగ్గరికి వెళ్ళిపోయాను. ఆవిడ పోయి ఏడాది దాటింది. మా వీడియో గేమ్ మొదటి రెండు భాగాల కథా రాసింది ఆవిడే. ఇప్పుడు మూడోది నేను రాస్తున్నాను.

అమలాపురం పక్కన ఏదో లంక ఊరి మనిషి. నేత చీర కట్టుకుని, గిర్రున తిరిగే ఆఫీసు కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. ఒకరినొకరు ‘బ్రో’ అని పిలుచుకునే ఆఫీసులో ఆవిడ మాత్రం అందరినీ ‘ఏవండీ’ అనేవారు. తప్పులు వెతికే టెస్టర్‌గా అప్పుడే చేరిన నన్ను కూడా! ఆవిడకొక పద్ధతి ఉండేది. రెండో భాగం మొదలుపెట్టే ముందు టీమంతా పెద్ద గదిలో కూర్చుని మొదటి ఆటను మొదటి నుంచి చివరిదాకా ఆడాలి. ఒక్క మాట కూడా దాటేయకూడదు. ఆ తర్వాత, ఇదివరకు ఇంట్లో ఆడినప్పుడు తామేం చేశారో ప్రతి ఒక్కరూ చెప్పాలి. “ఆడిన ఆటే కదా మేడమ్” అని ఎవరైనా గునిస్తే నవ్వేవారు. “రెండో భాగం రాసేవాళ్ళు కొత్త కోడళ్ళ లాంటివాళ్ళండీ. ఆ ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియకుండా పొయ్యి వెలిగిస్తారా?”

ఆ మొదటి ఆట నేను బీటెక్‌లో ఉండగా ఆడాను. నానక్‌రామ్‌గూడలో ఒంటిగది కిరాయి ఇల్లు మాది. అమ్మ అక్కడే ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని చేసి వచ్చి, టీ గ్లాసు పట్టుకుని నా వెనక కూర్చునేది. ఆట చివర్లో వరద వస్తుంది. పడవ నడిపే ముసలామె మొగులమ్మ తన పడవను మనకిచ్చేసి ఒడ్డు మీద నిలబడుతుంది. పడవలో నిధి పెట్టె ఉంటుంది. ఆమెను ఎక్కించుకుంటే బరువుకు పెట్టెను వదిలేయాలి. పెట్టె కోసమే కదా అంతదూరం ఆడింది! నేను పెట్టె మీదికి వేలు పోనిచ్చానో లేదో, అమ్మ గయ్యిమంది.

“పడవ ఆమెదేనాయె, ఆమెనే ఇడిచి ఎట్ల పోతవే? జర సిగ్గుండాలె. గా పెట్టె దింపు, ఆమెని ఎక్కించు!”

ఎక్కించాను. ఆ రోజు నుంచి మొగులమ్మ మాకు చుట్టం. నాకు ఆ కంపెనీలోనే ఉద్యోగం వచ్చాక అమ్మ అప్పుడప్పుడు అడిగేది, “పడవామె మంచిగున్నదా?” అని. మంచిగనే ఉన్నదమ్మా అనేదాన్ని.

అందుకే ఆ మీటింగ్‌లో మా మేనేజర్ ప్రకాశ్ నోరు విప్పేసరికి నా గుండె గుభేల్‌మంది. “మెజారిటీ పెట్టెనే తీసుకున్నారు మేడమ్. మొగులమ్మ వరదలో పోయిందని ఫిక్స్ చేసేద్దాం. ఆమె ఉంటే ఒక కథ, పోతే ఒక కథ, రెండు దారులూ మోస్తే పని డబుల్.” సత్యవతి గారు గదంతా చూశారు. “ఆవిడని దాటించినవాళ్ళెవరండీ?” నా చెయ్యి ఒక్కటే లేచింది. ఎందుకు దాటించారని అడిగితే, ఉన్నమాట చెప్పాను, మా అమ్మ వదిలిపెట్టొద్దన్నదని. అందరూ గొల్లున నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. అంతకన్నా, సాయంత్రం ఇంటికెళ్ళి అమ్మకేం చెప్పాలన్నదే నా దిగులు. మేమిద్దరం చేసిన ఆ ఒక్క మంచి పనీ జరగనే లేదని చెప్పాలా?

సత్యవతి గారు నవ్వలేదు. “ఒక్కరు దాటించినా ఆవిడ బతికున్నట్టేనండీ” అన్నారు.

“అప్పటి ఆట ఎవరి దగ్గర మిగిలింది మేడమ్? ల్యాప్‌టాప్‌లు పోయాయి, ఫోన్లు మారాయి. ఎవరేం చేశారో మనకెలా తెలుస్తుంది?” అన్నాడు ప్రకాశ్.

“అడుగుదాం. రెండో ఆటలో మొగులమ్మే అడుగుతుంది.”

“అబద్ధం చెబితే?”

“చెప్పనివ్వండి. అప్పుడు వదిలేసి ఇప్పుడు దాటించానని చెప్పాలనిపించిందంటే, పాపం, ఇన్నాళ్ళూ ఆవిడని మర్చిపోలేదన్నమాట.”

పని పెరగడానికి వీల్లేదంటే వీల్లేదన్నాడు ప్రకాశ్. అయితే బదులుగా నా అధ్యాయం తీసేయండి అన్నారావిడ. రెండో భాగం కోసమని అంతకుముందు వానాకాలమంతా కూర్చుని రాసుకున్నది అది. నీట మునిగిన ఊరు, ఆ నీళ్ళ అడుగున వీధులు, గడపల మీద ఇంకా చెరగని ముగ్గులు. చదివినప్పుడల్లా నాకు నిద్రలో నడుస్తున్నట్టుండేది. దాన్ని తీసేశారని తెలిసి నేను ఏడిస్తే, నన్నే ఓదార్చారు. “బాగా రాశానండీ దాన్ని. కానీ మొగులమ్మే లేకపోతే ఆ ఊరికి పడవెవరు నడుపుతారు?”

తర్వాత ఒక మధ్యాహ్నం నన్ను పిలిచారు. “నాది గోదావరి మాట. మొగులమ్మ మీవైపు మనిషి. ఆవిడ అడిగే ప్రశ్న మీ అమ్మగారు అడిగినట్టు మీరే రాయండి.” నేనా? టెస్టర్‌ని! అయినా ఊరుకుంటానా, మొగులమ్మ గోసంతా వెళ్ళబోసి పేజీ నింపేశాను. ఆవిడ చదివి, అంతా కొట్టేసి, ఒకే వాక్యం ఉంచారు. “ఆ దినం నన్ను ఎక్కించుకున్నవా బిడ్డా, ఒడ్డు మీదనే ఇడిచిపోయినవా?”

“ఇది చాలండీ. మిగతాది ఆడేవాళ్ళ దగ్గరుంటుంది” అన్నారు. నేను నేర్చుకున్న రాతంతా ఆ కొట్టివేతలోనే నేర్చుకున్నాను.

ఆట విడుదలయ్యాక సత్యవతి గారు గోపన్‌పల్లిలో మేం కొత్తగా దిగిన ఫ్లాట్‌కి భోజనానికి వచ్చారు. అమ్మను కూర్చోబెట్టి ఆట పెట్టాను. తెరంతా పొగమంచు. అందులోంచి పడవ మెల్లగా వచ్చి ఆగింది. మొగులమ్మ ఇంకా ముసలిదైపోయింది. ఆమె ప్రశ్న పూర్తికాక ముందే అమ్మ కొంగు సర్దుకుని తెర మీదికి వంగింది.

“ఏందట్ల అడుగుతవ్? ఎక్కించుకున్నం గద!”

బటన్ నొక్కాను. “యాదికుంది బిడ్డా. రా, కూసో” అన్నది మొగులమ్మ. పడవ మళ్ళీ మంచులోకి సాగింది. అమ్మ సత్యవతి గారి వైపు తిరిగి, “ఈమె మాకు ఎరుకున్నామెనే మేడమ్. మస్తు తక్లీఫ్ పడ్డది” అని చెప్పింది. “తెలుసండీ” అన్నారావిడ, అమ్మ చెయ్యి పట్టుకుని. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. ఆ క్షణం నాకు దేవుడి కన్నా ఎక్కువ ఆవిడ.

ఆవిడ పోయిన కబురు ఆఫీసులో ఉండగా తెలిసింది. ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి అమ్మకు చెప్పాను. అమ్మ పొయ్యి ఆపేసి కింద కూలబడింది. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. చివరికి అమ్మ కళ్ళు తుడుచుకుని అడిగింది.

“మరి పడవామెను ఇగ ఎవరు చూస్తరే?”

“నేను చూస్తనమ్మా” అన్నాను. అప్పటికి ఆ పని నాకింకా ఎవరూ అప్పగించలేదు.