ఫర్నేస్ బందే ఉండాలె

కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. పొయ్యి మీద పాలు కాగేదాకా ఆగలేక మంట పెంచే రకం నేను. అలాంటి నేను పీహెచ్‌డీకి ఎంచుకున్న పని గ్రాఫీన్ ఆక్సైడ్ పొరలను నిదానంగా వేడి చేయడం. మా ఆయన ఇప్పటికీ దీన్ని చెప్పుకుని నవ్వుతాడు.

ఆ పొర సంగతి కొంచెం చెప్పాలి. పెన్సిల్‌లో ఉండే గ్రాఫైట్‌ను ఆమ్లాలతో మార్చి, కడిగి, నీళ్లలో కలిపి, వడగట్టి ఆరబెడితే గోధుమరంగు పొర ఒకటి మిగులుతుంది. ఉల్లిపొట్టు కంటే పలచన. దాని నిండా ఆక్సిజన్ పట్టుకుని ఉంటుంది. గాలిలో తడి ఉంటే అదీ పీల్చుకుంటుంది. కరెంటును మాత్రం పోనివ్వదు. గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు పారిస్తూ, రెండు వందల డిగ్రీలు దాటేదాకా మెల్లమెల్లగా వేడి చేస్తే, ముందు తడి పోతుంది, ఆ తర్వాత ఆక్సిజన్ చాలావరకు పోతుంది. పొర నల్లబడి మెరుస్తుంది, దాని గుండా కరెంటు పారుతుంది. తొందరపడితే లోపలి ఆవిర్లన్నీ ఒక్కసారిగా తన్నుకొచ్చి, అప్పడంలా ఉబ్బి పగిలిపోతుంది. నావి వరసగా పగులుతూనే వచ్చాయి.

మా అత్తమ్మకు హన్మకొండలో కిరాణా దుకాణం ఉంది. మామయ్య పోయినప్పటి నుంచి ఒక్కతే నడుపుతోంది. పెళ్లయ్యాక నన్ను చదువు ఆపొద్దన్నది కూడా ఆమే. కానీ ఆ వానాకాలం ఆమె మోకాళ్లు మొరాయించాయి.

"ఈసారి మీ సార్లు సరేనంటే సదువుకో. లేకుంటే దుకాణంల కూసో బిడ్డా. నాతోని అయితలేదు" అంది.

కోపంతో అనలేదు.

నా పరిశోధన ఎంతవరకు వచ్చిందో చూసే కమిటీ కూర్చునే రోజు ఉదయాన్నే, మిగిలిన ఒకే ఒక్క పొరను ఫర్నేస్‌లో పెట్టాను. అది పొడవాటి గాజు గొట్టం, రెండు చివరలా మూతలు, నడుమ వేడి. నేను ఆన్ చేసి పట్టుమని అరగంట కాకముందే కమిటీ కాగితాల పని ఉందని ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ల్యాబ్‌లో నాతోపాటు పనిచేసే అక్క నెక్కొండ నుంచి రోజూ రైల్లో వస్తుంది. ఆమె ఇంకా దారిలోనే ఉంది. మెట్లు దిగుతూనే ఫోన్ చేశాను.

"అక్కా, నేను ఆఫీసుకు పోతున్న. ఫర్నేస్ బందే ఉండాలె. జర చూస్కో."

"సరే తియ్. ఫికర్ చెయ్యకు" అంది.

మూతలు ఎవరూ తెరవొద్దని నా భావం. తెరిస్తే గాలి తగిలి పొర పాడవుతుంది.

ఆఫీసులో కూర్చున్నంతసేపూ నిప్పుల మీద కూర్చున్నట్టే ఉంది. తిరిగొచ్చేసరికి ఫర్నేస్ మీద వేడి చూపించే ఎర్ర అంకెలు లేవు.

"ఇది ఆరిపోయిందేందక్కా?"

"నువ్వే గదనే బంద్ ఉండాలె అన్నవ్. ఆన్ల ఉంటే బంద్ జేసిన."

"బంద్ అంటే మూతలక్కా."

"మూతలు బందే ఉన్నయి గద."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా దగ్గర తలుపూ బంద్ చేస్తాం, ఫ్యానూ బంద్ చేస్తాం, దుకాణమూ బంద్ చేస్తాం. మా గైడ్ సార్‌ది గుంటూరు వైపు. ఆయనైతే మూసి ఉంచమనేవారు, ఏ గొడవా ఉండేది కాదు. అక్క తప్పేమీ లేదని తెలిసి కూడా నాకు ఒళ్లు మండిపోయింది.

గొట్టంలోకి వంగి చూశాను. పొర డికాషన్ రంగుకు వచ్చి ఆగిపోయింది. తడి పోయి ఉంటుంది, ఆక్సిజన్ ఇంకా పోలేదు. మళ్లీ మొదలుపెట్టి నిదానంగా పెంచితే సాయంత్రమవుతుంది. కమిటీ మధ్యాహ్నం.

"గబగబ పెంచుదామా అక్కా?"

"ఆక్సిజన్ ఇడిసేదే ఇప్పుడు. ఉబ్బితె ఇప్పుడే ఉబ్బుతది. ఇగ నీ ఇష్టం."

కాలుగాలిన పిల్లిలా ల్యాబంతా తిరిగాను. కిటికీ మూశాను, తెరిచాను. ధర్మసాగర్ దిక్కున మబ్బు పట్టింది. వేగం పెంచే బటన్ మీద వేలు పెట్టి తీశాను, మళ్లీ పెట్టాను. రేపటి నుంచి దుకాణంలో కూర్చోవలసి వచ్చినా సరే, పగలని పొర ఒక్కటైనా చూసి కూర్చోవాలనిపించింది. నిదానంగానే పెట్టి, ఉత్త చేతులతో కమిటీ ముందుకు వెళ్లాను.

"ఏమ్మా, శాంపిల్ ఏది?" అన్నారు గైడ్ సార్.

"ఫర్నేస్‌లో ఉంది సార్. సాయంత్రానికి అవుతుంది."

బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ గడియారం చూసుకున్నారు. "సాయంత్రం మాకు రైలుందమ్మా. దసరా తర్వాత మళ్లీ కూర్చుంటాం. అప్పటికీ చూపించకపోతే టాపిక్ మార్చుకోవాల్సిందే" అన్నారు.

సరేననలేదు. అత్తమ్మ అడిగింది మాత్రం సరే అన్న మాటే.

సాయంత్రం ఫర్నేస్ చల్లారేదాకా కూడా ఆగాల్సి వచ్చింది. అక్క మూత విప్పింది. పొర నల్లగా, నున్నగా, చెక్కు చెదరకుండా వచ్చింది. బ్యాటరీకీ చిన్న ఎల్‌ఈడీకీ నడుమ దాన్ని పెట్టి వైర్లు తాకించాం. బల్బు వెలిగింది.

"ఎలిగిందే పిల్లా" అంది అక్క మెల్లగా.

చూడాల్సినవాళ్లు అప్పటికే స్టేషన్‌లో ఉంటారు. నాకు ఏడుపు ఆగలేదు. సంతోషమూ ఉంది అందులో, అబద్ధం చెప్పను.

పొరను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుని, బల్బూ బ్యాటరీ సంచిలో వేసుకుని నేరుగా దుకాణానికి వెళ్లాను. అత్తమ్మ ఎవరికో కందిపప్పు తూస్తోంది. గల్లా బల్ల మీదే అన్నీ పరిచి వైర్లు తాకించాను. ఆమె పప్పు పొట్లం పక్కన పెట్టి, వంగి ఆ వెలుగు చూసింది.

"మంచిగుంది. మరి మీ సార్లు ఏమన్నరు?"

మెచ్చుకున్నారంటే సరిపోయేది. ఆమె నా మాట నమ్మేది కూడా.

"ఆళ్లు చూడలేదత్తమ్మా. ఆళ్లున్నప్పుడు ఇది తయారు కాలేదు. దసరా అయినంక మల్ల వస్తరు."

ఆమె పొట్లానికి దారం చుట్టి ఇచ్చింది. పప్పు కొన్న గిరాకీ వెళ్లిపోయింది. నేను వైర్లు చుట్టేశాను.

"దసరా దాంక నేనే కూసుంట తియ్" అంది.

అని, లేవడానికి నా భుజం పట్టుకుంది. బరువంతా నా మీదే వేసి లేచింది.