నలభై ఎనిమిది, రెండువందల పదకొండు

యాభైలలో మద్రాసు రాయపురంలోని మా బడికి, పిల్లలు ఎలా చదువుతున్నారో కొలవడానికి ఒక పరీక్షాధికారి వచ్చాడు. ఆయన మీసం మీద రెండు కాకులు కాపురం పెట్టొచ్చు. చేతిలో గడియారం మా అమ్మ రొయ్యలు ఒలిచే పళ్లెమంత. పట్నంలో ప్రతి బడికీ, ప్రతి తరగతికీ ఒకటే పేజీ. మనం చదవడం మొదలుపెట్టగానే గడియారం నొక్కుతాడు, ముగించగానే ఆపుతాడు. పట్టిన సెకన్లు చీటీ మీద వేసి ఇంటికి పంపుతాడు. తక్కువ పట్టినవాళ్లే బాగా చదివినట్టని అయ్యవారు తరగతిలో మూడుసార్లు చెప్పారు. నేను మూడుసార్లూ విన్నాను.

నాకంటే రెండేళ్లు పెద్దదైన మా అక్క ఆ పేజీని మంచినీళ్లలా తాగేసింది. ఆమె చీటీ మీద నలభై ఎనిమిది. నేను మాత్రం ప్రతి అక్షరాన్నీ పామేమోనని తడిమి చూసి అడుగేశాను. ఒక్క వాక్యం దాటేలోపు హార్బరుకు రెండు ఓడలొచ్చి, సరుకు దించుకుని వెళ్లిపోయాయి. పరీక్షాధికారి మీసం సగం నెరిసింది. నా చీటీ మీద రెండువందల పదకొండు.

ఆ నెలలోనే మా తమ్ముడు పుట్టాడు. అమ్మ రొయ్యల షెడ్డుకు పోతే వాణ్ణి ఎత్తుకోవడానికి మాలో ఒకరు బడి మానాలి. ఆడపిల్లే మానాలని వీధంతా తీర్పు చెప్పేసింది. నాయన ఒప్పుకోలేదు. చీటీలు రానీ, చదువులో వెనకబడినవాళ్లే మానుకుంటారన్నాడు.

నాయన హార్బరులో మూటలు మోసేవాడు. మూట దించినప్పుడల్లా మేస్త్రీ చేతికో వెదురుపుల్ల ఇస్తాడు. పొద్దుగూకేసరికి ఎవరి గుప్పిట్లో పుల్లలెక్కువో వాడే మొనగాడు. అక్షరాలు రాకపోయినా ఆయనకు అంకెలు వచ్చు. చీటీలు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, నన్ను భుజానికెత్తుకుని వీధి ఈ కొస నుంచి ఆ కొసకు ఊరేగించాడు. అమ్మ బెల్లం పొంగణాలు పోసింది.

అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. "నాయనా, అది మార్కు కాదు, గడియారం లెక్క. తక్కువైతేనే మేలు."

"తక్కువైతే మేలా? ఆ మాట హార్బర్లో చెప్పు మే, మేస్త్రీ గూడా నవ్వతాడు." అన్నాడు గానీ, న్యాయం తెలిసిన మనిషి, నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పరా అబ్బోడా. ఆడ బళ్లో అయ్యవారు ఏం చెప్పినాడు? మీ అక్క అనేది నిజమా, చుమ్మా చెప్తా ఉండాదా?"

నా నోట్లో పొంగణం. అది అప్పటికి సెంట్రల్ స్టేషనంత అయింది.

"చుమ్మా చెప్తా ఉండాది నాయనా," అన్నాను.

అక్క నావైపు చూసింది. ఏ సంగతినైనా పదింతలు చేసి చెప్పడం నాకు అలవాటు. ఆ చూపును పెంచి చెప్పాలని ఇన్నేళ్లుగా ప్రయత్నిస్తున్నాను. అది పెరగదు. ఆనాడు ఎంతుందో అంతే ఉంది.

మర్నాడు అక్క తమ్ముణ్ణి చంకనేసుకుని, నా పలక సంచి తనే నా భుజానికి తగిలించింది. వాడు నడిచాక మళ్లీ బడికి పంపుతామన్నారు. వాడు నడిచేసరికి చెల్లెలు పుట్టింది. చెల్లెలు నడిచేసరికి అక్క వేళ్లు రొయ్యల ముళ్లు దిగి గరుకుదేలిపోయాయి. నాయనకు నేను నిజం చెప్పలేదు. రేపు చెబుదామనుకుంటూనే ఆయన్ని పాడె ఎక్కించాను.

దినాలయ్యాక నాయన ట్రంకుపెట్టె సర్దుతుంటే, అడుగున మడత పెట్టిన చీటీలు రెండూ దొరికాయి. నాది పైన, అక్కది కింద. అక్క రెండూ విప్పి చూసింది. నాది నా చేతిలో పెట్టింది. తనది కొంగున ముడేసుకుని, రొయ్యల షెడ్డుకు వేళయిందని లేచింది.